ఆ గదిలో ఇద్దరం

ఫిబ్రవరి 3

అన్నయ్య ఈ రోజు అందర్నీ హాల్లో కూర్చోబెట్టి చెప్పాడు. దుకాణం అమ్మేస్తున్నాడట. పాతికేళ్లుగా సినిమాలూ టీవీ కార్యక్రమాలూ తీస్తున్న మా సంస్థని దుకాణమనే పిలుస్తాం, బోర్డు మీద ఎంత పెద్ద పేరున్నా సరే.

"అమ్మడం అనకండి. కలవడం అనండి. నది వెళ్లి సముద్రంలో కలవదూ?" అన్నాడు.

మాట తియ్యగా చెప్పడంలో మా అన్నయ్య తర్వాతే ఎవరైనా. పద్నాలుగు మందిమి చప్పట్లు కొట్టాం. అందరికంటే ముందు నేనే కొట్టాను.

కొనే పెద్ద సంస్థకి మా పాతికేళ్ల చరిత్ర నలభై నిమిషాల సినిమాగా కావాలట. "ఎడిటింగ్ చిట్టే చెయ్యాలి. ఇంకొకరి చేతిలో పెడితే నాకు నిద్ర పట్టదు" అన్నాడు అందరి ముందూ. నలభై నాలుగేళ్లొచ్చాయి, అన్నయ్య మెచ్చుకుంటే పొంగిపోయే జబ్బు మాత్రం నాకింకా తగ్గలేదు.

ఫిబ్రవరి 5

చరిత్ర తియ్యడానికి పెద్ద సంస్థ నుంచి ఒక అమ్మాయి దిగింది. దుకాణం వయసే ఉంటుంది. పొద్దున్నుంచీ ప్రశ్నలే ప్రశ్నలు. మెట్లకి ఆకుపచ్చ రంగు ఎందుకేశారని కూడా అడిగింది. సగం ధరకి వచ్చిందని చెప్తే అదీ రాసుకుంది.

ప్రశ్నలమ్మాయి అని పేరు పెట్టేశాను. హుష్ బాబాయి పడీ పడీ నవ్వాడు, చప్పుడు లేకుండా. మా సౌండ్ రికార్డిస్టు ఆయన. షూటింగులో కుర్చీ కిర్రుమన్నా చెయ్యెత్తి "హుష్" అంటాడు. ఇప్పుడు గొంతులో పుండు లేచి, నెల రోజులు నోరు విప్పొద్దన్నాడట డాక్టరు. హుష్ బాబాయినే హుష్ అన్నవాడు పుట్టాడని ఆఫీసంతా ఒకటే గోల.

ఫిబ్రవరి 6

అన్నయ్య ఇంటర్వ్యూ తీశారు. నన్ను రావద్దన్నాడు. "నువ్వు ఎదురుగా ఉంటే నాకు మాట తడబడుతుంది చిట్టీ" అన్నాడు.

చిన్నప్పట్నుంచీ అంతే వాడు.

ఫిబ్రవరి 9

ఇంటర్వ్యూ చూశాను. రెండు గంటల ఫుటేజీ. మనిషి బాగా కనిపిస్తున్నాడు, ఆ నీలం చొక్కా వదిన ఎంపికై ఉంటుంది.

"సైకిల్ షాపు మీద ఒక గది అద్దెకి తీసుకున్నాను. కిటికీకి దుప్పటి కొట్టాను, బయటి చప్పుడు రాకుండా. ఆసుపత్రి దుప్పట్లు ఉతికే ఆడవాళ్ల మీద మొదటి సినిమా. వాళ్లు ముందు మాట్లాడలేదు. వారం రోజులు వాళ్లతోపాటు కూర్చుని బట్టలు మడతపెట్టాను. ఎనిమిదో రోజు నోరు విప్పారు."

దుప్పటి కొట్టింది నేను. సుత్తి మేకు తప్పి బొటనవేలి మీద పడింది, ఆ గోరు ఇప్పటికీ వంకరే. బట్టలు మడతపెట్టింది కూడా నేనే. మగవాణ్ణి ఉతికే గదిలోకి రానివ్వలేదు వాళ్లు. అన్నయ్య గుమ్మం బయట కెమెరా పట్టుకుని నిలబడ్డాడు.

సరే. మాట వేగంలో మేము అనబోయి నేను అంటాం. ఇంట్లో మా ఆయన కూడా "నేను ఇల్లు కట్టాను" అంటాడు, తాపీ పట్టినట్టు.

తర్వాత ప్రశ్నలమ్మాయి అడిగింది: "మొదటి రోజు ఆ గదిలో మీతో ఎవరున్నారు?"

అన్నయ్య వెంటనే చెప్పలేదు. పదకొండు సెకన్లు ఊరుకున్నాడు. కళ్లు కొంచెం పక్కకి తిరిగి పైకి లేచాయి. అప్పుడు చెప్పాడు:

"ఎవరూ లేరు. నేనొక్కణ్ణే."

నాలుగుసార్లు చూశాను.

ఫిబ్రవరి 10

పొద్దున్నే మళ్లీ చూశాను. నిన్న కోపంలో చూశాను కనక సరిగా చూడలేదు.

పదకొండు సెకన్లంటే మా పనిలో చిన్న సంగతి కాదు. తెర మీద మూడు సెకన్లు ఎవరూ మాట్లాడకపోతే చూసేవాడు రిమోట్ వెతుక్కుంటాడు. ఆ పదకొండు సెకన్లలో వాడి మొహం చూడాలి. పెదవి కదిలి ఆగింది. గుటక మింగాడు. కళ్లు పైకెత్తి చూసింది ఆ గదినే అయ్యుంటుంది, మేకు కొడుతూ స్టూలు మీద నిలబడ్డ నన్నే అయ్యుంటుంది. నా పేరు నాలుక చివరిదాకా వచ్చింది. ఏదో అడ్డం పడింది.

ఏదో ఇబ్బందుంది. కొనేవాళ్లు ఏదో అని ఉంటారు. ఆ మాట చెప్పడానికి అంతసేపు నీళ్లు నమిలినవాడు మనసులో ఎంత నలిగిపోయి ఉండాలి! పాపం అనిపించింది.

ఫిబ్రవరి 12

వదిన ఎడిటింగ్ గదిలోకి వచ్చింది. ఆఫీసు వ్యవహారాలన్నీ ఆవిడవే. ఒక కాగితం తెచ్చి, సంతకం పెట్టాల్సిన చోట పసుపుపచ్చ చీటీ అంటించి మరీ ఇచ్చింది.

"ఊరికే లాంఛనం చిట్టీ. ఇరవై నాలుగో తేదీలోపు కావాలట."

చదివాను. నేను మూడో ఏట ఉద్యోగిగా చేరానట. సంస్థ పెట్టడంలో నాకు ఏ భాగమూ లేదట. ఇక్కడ తీసిన ఏ సినిమా మీదా ఏ హక్కూ అడగనట.

"ఇదేంటి వదినా?"

"కాగితాల్లో ఉన్నదే రాశారమ్మా. నీ పేరు మూడో ఏటి నుంచే కదా ఉంది."

"అంతకుముందు రెండేళ్లు ఏం చేశాను? గాల్లో ఉన్నానా?"

"నన్నేం అడుగుతావు, అప్పటికి నాకు పెళ్లే కాలేదు." తలుపు దగ్గర ఆగింది. "నాకూ నచ్చలేదు చిట్టీ. మీ అన్నయ్య పెట్టించుకురమ్మన్నాడు, తెచ్చాను."

దుకాణం రిజిస్ట్రేషన్ రోజు నాకు బాగా గుర్తుంది. మొదటి సినిమా ఆ సాయంత్రానికి అందించాలి, నేను ఎడిటింగులో కూర్చున్నాను. అన్నయ్య ఒక్కడే వెళ్లాడు. "నా పేరుంటే నీ పేరున్నట్టే కదే" అన్నాడు. అంతే కదా అనుకున్నాను. పందొమ్మిదేళ్ల పిల్లని, అన్నయ్య పేరు నా పేరు కాదని ఎందుకనుకుంటాను?

కాగితం కింద సాక్షి సంతకం అప్పుడే పెట్టేసి ఉంది. హుష్ బాబాయిది.

ఫిబ్రవరి 13

మా ఆయన లెక్కల మేష్టారు. కాగితాన్ని పరీక్ష పేపరులా రెండుసార్లు దిద్దాడు.

"దీని ప్రకారం మొదటి రెండేళ్లూ నువ్వు పుట్టలేదోయ్."

"సంతకం పెట్టకపోతే?"

"అమ్మకం ఆగిపోతుంది. గొడవున్న సరుకు వాళ్లెందుకు కొంటారు? అందుకే కదా మీ వదిన పరుగెత్తుకొచ్చింది." కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "నేనొక మాట అంటే నీకు కోపమొస్తుంది."

"అనకండి అయితే."

అనలేదు. భోజనాల దగ్గర కూడా అనలేదు. అనకుండా అంతసేపు ఎలా ఉంటాడో మనిషి!

ఫిబ్రవరి 15

మొదటి సినిమా తీసి చూశాను. నేను ఎక్కడో ఒకచోట ఉంటాను కదా అని.

లేను. అద్దంలో లేను, నీడగా లేను. గొంతు కూడా లేదు. ఉతికే ఆడవాళ్లని అడిగిన ప్రతి ప్రశ్నా నాదే, కానీ మా దుకాణం పద్ధతి వేరు. అడిగేవాళ్ల గొంతు వినబడకూడదు. "ప్రశ్నని కూడా జవాబులో కలిపి చెప్పండమ్మా" అని ముందే బతిమాలుకుంటాం. తర్వాత ఎడిటింగులో నా ప్రశ్న కోసేస్తాను. అతుకు కనబడకుండా కోస్తానని నాకు పేరు. ఇరవై నిమిషాల సినిమాలో నన్ను నేను అరవై చోట్ల కోసుకున్నాను, ఒక్కచోటా మచ్చ లేదు.

కొయ్యని టేపులా? అప్పట్లో టేపు కొనే స్తోమత ఎక్కడిది. వాటి మీదే రెండో సినిమా తీశాం.

ఎర్ర గాజుల పెద్దావిడ ఒకచోట కెమెరా పక్కకి చూసి "నీకూ తెలుసు కదే తల్లీ" అంటుంది. ఆ తల్లిని నేనే. అది ఉంచేశానని నాకే గుర్తులేదు. చూసి చాలాసేపు ఏడ్చాను.

ఫిబ్రవరి 16

ఏరు దాటాక తెప్ప తగలేశాడు అని రాయబోయి ఆగాను. అన్నయ్య అలాంటివాడు కాదు. అలాంటివాడైతే ఆ పదకొండు సెకన్లు ఎందుకు?

ఫిబ్రవరి 17

అన్నయ్యకి ఫోన్ చేశాను. షూటింగులో ఉన్నాడని వదిన చెప్పింది. ఈ నెల మాకు షూటింగులే లేవు.

ఫిబ్రవరి 18

చరిత్ర మొదటి కూర్పు పూర్తి చేసి పంపాను. ఆ పదకొండు సెకన్లని అలాగే, ఒక్క ఫ్రేమూ ముట్టుకోకుండా ఉంచాను. చూసేవాళ్లకి తెలియాలి. కనీసం వాడికైనా, నాకు తెలిసిందని తెలియాలి.

గంటలో మెసేజీ వచ్చింది. "బాగుంది చిట్టీ. ఆ గ్యాప్ తీసెయ్, డల్‌గా ఉంది."

చూశావా! అది చూస్తే వాడికే ఇబ్బందిగా ఉంది. సిగ్గుపడుతున్నాడు. సిగ్గుపడేవాడి దగ్గరికి వెళ్లి మాట్లాడొచ్చు. "నోరు జారాను చిట్టీ, క్షమించు" అంటాడు. ఒక్కసారి అంటే చాలు, ఆ కాగితం మీద కళ్లు మూసుకుని సంతకం పెట్టేస్తాను. నాకు పేరెందుకు, హక్కులెందుకు. వాడు ఒక్క మాట అంటే చాలు.

మా ఆయనకి ఇదే చెప్పాను. "ఊఁ" అన్నాడు.

ఫిబ్రవరి 20

మధ్యాహ్నం హుష్ బాబాయి వచ్చి నా పక్క కుర్చీలో కూర్చున్నాడు. చేతిలో చిన్న పుస్తకం, పెన్సిలు. నోరు బంద్ కనక అందులో రాసే మాట్లాడుతున్నాడు.

"సాక్షి సంతకం పెట్టాను. తప్పే. ఇంకో రెండేళ్లు నాకు పని కావాలి అమ్మాయ్" అని రాశాడు.

తిట్టాలనుకున్నాను. ఆ చెయ్యి చూస్తే తిట్టు రాలేదు. ఆయన మా రెండో సినిమాకి వచ్చాడు. అప్పటికి దుకాణం పుట్టి ఏడాది కూడా కాలేదు. అప్పట్నుంచీ నన్ను రోజూ చూస్తున్నవాడు.

"పోన్లే బాబాయ్. నువ్వు పెట్టావు సరే. మా అన్నయ్యకైనా మనసొప్పలేదు. ఇదిగో చూడు." ఇంటర్వ్యూలో ఆ ముక్క వేసి చూపించాను. "మీతో ఎవరున్నారు అంటే ఎంతసేపు ఊరుకున్నాడో! కళ్లు చూడు, ఎటు పోయాయో. ఒక్కణ్ణే అనడానికి పదకొండు సెకన్లు పట్టింది వాడికి."

బాబాయి తెర వైపు చూశాడు. నా వైపు చూశాడు. మళ్లీ తెర వైపు. పెన్సిలు తీసుకుని, రాయకుండా పట్టుకున్నాడు.

"ఏంటి బాబాయ్?"

రాశాడు. "లారీ."

"ఏ లారీ?"

"రోడ్డు మీద లారీ వెనక్కి తీస్తున్నారు. నేను చెయ్యెత్తాను. ఆగాడు."

నాకు అర్థం కాలేదు. అర్థమైంది, కాలేదనుకున్నాను. మా షూటింగుల్లో పాతికేళ్ల నుంచీ అదే పద్ధతి. బయట చప్పుడొస్తే బాబాయి చెయ్యెత్తుతాడు. ఎవరు ఏ మాటలో ఉన్నా అక్కడే ఆగి ఆ చెయ్యి వైపు చూస్తూ కూర్చోవాలి. చెయ్యి దించాక మాట్లాడాలి. ఎప్పుడూ చెయ్యితోపాటు "హుష్" వినబడుతుంది. ఈసారి గొంతు లేదు కనక వినబడలేదు. నాకిచ్చిన సౌండు కాలరు మైకుది ఒక్కటే, అందులో వీధి లారీ ఏం తెలుస్తుంది.

కళ్లు పక్కకీ పైకీ ఎందుకు వెళ్లాయో ఇప్పుడు తెలిసింది. అక్కడ బాబాయి చెయ్యి ఉంది.

"మరి చెయ్యి దించాక?" అడిగాను. అడగకుండా ఉండాల్సింది.

పుస్తకంలో కొత్త పేజీ తిప్పాడు. తర్వాత రాశాడు: "దించగానే చెప్పేశాడు అమ్మాయ్."

ఫిబ్రవరి 21

ఇరవై అయిదేళ్లుగా ఎడిటర్ని. మనిషి మొహం చూసి మనసు చెప్పగలనని గొప్ప.

ఫిబ్రవరి 22

అన్నయ్య గదికి వెళ్లాను. తలుపు కొట్టలేదు.

"లారీ వెళ్లాక ఆలోచించుకోవడానికి ఒక్క క్షణమైనా పట్టలేదా నీకు?"

"ఏ లారీ?"

వాడికి నిజంగా గుర్తులేదు. నేను పది రోజులు పట్టుకుని వేలాడినదాన్ని వాడు ఆ మర్నాటికే మర్చిపోయాడు.

కాగితం బల్ల మీద పెట్టాను. "ఆ గదిలో నేను లేనా అన్నయ్యా?"

"లేవని ఎవరన్నారు?"

"నువ్వన్నావు. కెమెరా ముందు."

కుర్చీ ముందుకి లాక్కున్నాడు. చిన్నప్పుడు నాకు లెక్కలు చెప్పేటప్పుడు వచ్చే గొంతు వచ్చింది. "చిట్టీ, కోపం లేకుండా విను. అది సినిమా. కథలో ఇద్దరుంటే చూసేవాడికి అయోమయం. ఒక్క మనిషి వెంట వెళ్లాలి అని నాకు చెప్పింది ఎవరు? నువ్వు కాదూ? పడవలు కట్టే అన్నదమ్ముల సినిమాలో తమ్ముణ్ణి మొత్తం లేపేసింది ఎవరు? అతను ఫోన్ చేసి ఏడిస్తే ఏమన్నావు? కథకి అవసరం అన్నావు."

నిజమే. అన్నాను. ఆ తమ్ముడి గొంతు కూడా గుర్తుంది. "అక్కా, ఆ పడవకి తారు పూసింది నేనే కదక్కా" అన్నాడు. నేను ఫోన్ పెట్టేసి కాఫీ తాగాను. ఆ సినిమాకి బహుమతి వచ్చింది.

అన్నయ్య గెలిచాననుకున్నాడు, కుర్చీలో వెనక్కి వాలాడు.

"తప్పే చేశాను. కానీ వాడి చేత సంతకం పెట్టించుకున్నానా, నువ్వసలు పడవ ముట్టుకోలేదని?"

కాగితం వాడి వైపు జరిపాను.

"సినిమాలో తీసెయ్. నేనే, నా చేత్తో తీసేస్తాను. ఈ కాగితం సినిమా కాదు కదరా!"

అన్నయ్యని రా అనడం అదే మొదటిసారి. వాడూ ఉలిక్కిపడ్డాడు, నేనూ.

"వాళ్లకి ఒక్క పేరే కావాలి చిట్టీ. ఇద్దరున్నారంటే మళ్లీ మొదట్నుంచి తిరగతోడతారు. అక్కడికి వెళ్లాక నాకు కుర్చీ ఉంటుందో ఊడుతుందో తెలీదు. యాభై ఒకటి దాటాయి నాకు, కొత్తగా ఎక్కడ మొదలెట్టను? పద్నాలుగు మంది పొట్టలు కూడా..."

"ఆ పద్నాలుగు మందిలో నేనున్నానా?"

"ఉన్నావు."

"ఉద్యోగిగానా?"

కిటికీ వైపు చూశాడు. అక్కడ ఎవరూ చెయ్యెత్తలేదు, అయినా మాట్లాడలేదు.

"నువ్వెప్పుడూ అడగలేదు కదే" అన్నాడు చివరికి. "పాతికేళ్లలో ఒక్కసారైనా నా పేరేది అని అడిగావా?"

అడగలేదు. నా పేరుంటే నీ పేరున్నట్టే కదా అన్న మాట నమ్మాను. నమ్మినవాళ్లు ఎందుకడుగుతారు?

ఇంటికి వచ్చేదాకా ఏడవలేదు. వచ్చాక, ఆ రోజు అనకుండా మింగేసిన మాట ఏమిటని మా ఆయన్ని అడిగితే చెప్పాడు. "మీ అన్నయ్యకి నువ్వంటే ప్రేమే. కానీ నువ్వు అక్కర్లేదు."

నిజంగానే కోపమొచ్చింది.

ఫిబ్రవరి 23

మెత్తగా ఉంటే మొత్తబుద్ధి అని అమ్మ అనేది. అన్నయ్య గురించి అంటోందని ఎప్పుడూ అనుకోలేదు.

ఫిబ్రవరి 24

సంతకం పెట్టలేదు. కాగితం వదినకి తిరిగి ఇచ్చాను, వెనకవైపు నా చేతిరాతతో నాలుగు వాక్యాలు రాసి. మొదటి రోజు నుంచీ ఉన్నాను. మొదటి సినిమాలో ప్రశ్నలు నావి, ఎడిటింగ్ నాది. ఇది నిజమని రాసి తెస్తే అదే గంటలో సంతకం పెడతాను, నిక్షేపంగా అమ్ముకోండి. నన్ను లేననమంటే మాత్రం అనను.

వదిన నిలబడే చదివింది. పసుపుపచ్చ చీటీ పీకి నలిపేసింది.

అక్కణ్నుంచి నేరుగా ప్రశ్నలమ్మాయి దగ్గరికి వెళ్లాను.

"నన్నూ అడగండి" అన్నాను.

"మిమ్మల్ని మొదటి రోజే అడుగుదామనుకున్నానండీ. మీరు తర్వాత చేరారని, మీకేమీ తెలియదని సార్ చెప్పారు."

అన్నయ్య కూర్చున్న కుర్చీలోనే కూర్చున్నాను. లైటు ఇంత వేడిగా ఉంటుందని పాతికేళ్లలో నాకు తెలియదు. హుష్ బాబాయి వచ్చి కాలరుకి మైకు పెట్టాడు. క్లిప్పు రెండుసార్లు జారింది. "నీ పని పోతుంది బాబాయ్" అన్నాను మెల్లగా. వినబడనట్టు హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాడు.

తలుపు దగ్గర అలికిడైంది. అన్నయ్య. లోపలికి రాలేదు, వెళ్లిపోనూ లేదు.

ప్రశ్నలమ్మాయి అడుగుతూ పోయింది, నేను చెప్తూ పోయాను. గది, దుప్పటి, ఉతికే ఆడవాళ్లు. తర్వాత ఆ ప్రశ్న వచ్చింది. వస్తుందని తెలుసు. దానికోసమే నిన్నంతా ఒక జవాబు నూరుకుంటూ కూర్చున్నాను.

"మొదటి రోజు ఆ గదిలో మీతో ఎవరున్నారు?"

ఎవరూ లేరు, నేనొక్కదాన్నే. అనేస్తే అయిపోతుంది. తలుపు దగ్గర వాడు వింటున్నాడు. వాడికి తగలాల్సిన చోట తగులుతుంది. నోరు తెరిచాను కూడా.

"మా అన్నయ్య ఉన్నాడు" అన్నాను. "కెమెరా కొత్త. పట్టుకోవడం ఇద్దరికీ రాదు. వాడు భుజం మీద పెట్టుకుంటే నేను వెనకనించి మోచెయ్యి పట్టుకున్నాను, కదలకుండా. మొదటి షాటు అలాగే తీశాం. వాడు లేకపోతే నేను ఆ మెట్లు ఎక్కేదాన్నే కాదు."

తలుపు దగ్గర ఉన్నవాడు వెళ్లిపోయాడు. ఆకుపచ్చ మెట్ల మీద దిగుతున్న చప్పుడు వినబడింది. బాబాయి చెయ్యెత్తాడు, అది ఆగాక దించాడు.

"ఇప్పుడు మీ అన్నయ్య గురించి ఏం చెప్తారు?" అడిగింది ప్రశ్నలమ్మాయి.

"ఇక చాలమ్మా, మైకు తీసెయ్యి బాబాయ్" అన్నాను.

కెమెరాకి చెప్పలేని మాట ఇక్కడ రాసుకుంటున్నాను. ఆ రోజు ఆ గదిలో నాకు అన్నయ్య ఉన్నాడు. ఇప్పుడు లేడు.